నాలుగు చేతుల రాకాసి, మా బావి

పోయిన నెల మా స్కూలు పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళాను. బస్సెక్కిన దగ్గర్నుంచి ఒకటే గోల, ఒకడు కిటికీలోంచి తల బయట పెడతాడు, ఇంకొకతె వాంతి అంటుంది, నా గొంతు పొయ్యేదాకా అరిచాను. తీరా లోపలికి వెళ్ళాక ఎముకల గదిలో అందరూ ఒక్కసారి గప్‌చిప్ అయ్యారు. అద్దాల పెట్టెలో ఒక పెద్ద పుర్రె ఉంది. నుదురు ఉండాల్సిన చోట, నా రెండు పిడికిళ్ళూ పట్టేంత బొక్క. "టీచర్, ఒంటికన్ను రాక్షసుడు!" అని ఒక పిల్ల అరిచింది. అక్కడ కాపలా ఉండే పెద్దాయన నవ్వి, "ఏనుగు తలకాయమ్మా అది. ఆ బొక్క తొండం ఉండే చోటు. కళ్ళు ఇదిగో, పక్కన చిన్నగా ఉంటాయి. అందరూ అట్లాగే అనుకుంటారు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఎన్నో ఏళ్ళ నాటి కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఎవరి మీదో ఆ క్షణంలో తెలియలేదు. పదో తరగతి చదివే ఒక పిల్ల మీద అని బస్సులో తిరిగి వస్తుంటే అర్థమైంది. ఆ పిల్ల నేనే.

ఆ వారంలోనే లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చుకుని చదివాను. పూర్వం గ్రీసు దేశంలో, ఆ చుట్టుపక్కల దీవుల్లో, నేల తవ్వినా వరదకు గట్లు తెగినా పెద్ద పెద్ద ఎముకలు బయటపడేవట. ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతులవి. పుర్రె నడిమధ్య బొక్క చూసి, నుదుటి మీద ఒకే కన్నున్న రాక్షసుల కథలు అల్లుకుని ఉండొచ్చట. దూరాన ఎడారుల్లో బంగారం కోసం తిరిగినవాళ్ళు పక్షికున్నట్టు వంకర ముక్కూ నాలుగు కాళ్ళూ ఉన్న రాకాసి బల్లుల ఎముకలు చూసి, బంగారానికి కాపలా కాసే గద్దముక్కు సింహాన్ని పుట్టించి ఉండొచ్చట. నిలువెత్తు తొడ ఎముకలేమో దేవుళ్ళతో తలపడి ఓడిపోయిన మహాకాయులవట. రాసినవాళ్ళు ప్రతిచోటా 'ఉండొచ్చు' అనే రాశారు. రుజువు లేదనీ, ఇదంతా కాదనే పండితులూ ఉన్నారనీ జాగ్రత్తగా చెప్పారు. వాళ్ళకు రుజువు కావాలంటే మా ఊరు వచ్చి ఉంటే సరిపోయేది. రాకాసి కథ ఎట్లా పుడుతుందో నేను కళ్ళారా చూశాను. చూడటమేమిటి నా ఖర్మ, పుట్టించడంలో నా చెయ్యీ ఉంది.

మాది పొదిలి అవతల మెట్ట ఊరు. మాకు పట్టా ఇచ్చిన రెండెకరాలు వాగు పక్కన ఉండేవి. వాగు అంటే నీళ్ళుంటాయని అనుకునేరు. దాంట్లో మేం నీళ్ళు చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ చేలో కందులు చల్లితే కందిపుల్ల మిగిలేది, సజ్జలు చల్లితే పిచ్చికలకు సరిపోయేవి. అందుకని ప్రతి ఏడూ క్రిస్మస్ పండగ వెళ్ళగానే మా పేటలో సగం మంది మూటలు కట్టుకుని గుంటూరు పక్కకు మిరపకోతలకు వెళ్ళిపోయేవాళ్ళం. చేలగట్ల మీద ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని అక్కడే కాపురం. పొద్దున్నే మంచులో తడిసిన మిరపచెట్ల పచ్చి వాసన, మధ్యాహ్నానికి కల్లాల్లో ఎండే కాయల ఘాటు, అందరికీ తుమ్ములు. సాయంత్రం పని దిగాక అమ్మ రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని కదలకుండా కూర్చునేది. మంట తగ్గిందాకా అన్నం కలపలేదు, నాకు జడ వేయలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. అంతా అయ్యి మేం ఊరికి తిరిగొచ్చేసరికి బళ్ళో పరీక్షలు అయిపోయి ఉండేవి. చిన్న తరగతుల్లో సార్లు జాలిపడి పై క్లాసులోకి తోసేవాళ్ళు. పదో తరగతికి ఆ జాలి పనిచేయదు.

అందుకే నేను పదిలోకి వచ్చిన ఏడు అమ్మ బావి పట్టు పట్టింది. "బావిలో నీళ్ళు పడితే మన చేలోనే మిరప పెట్టుకుందాం. కోతలకు యాడికీ పోయే పన్లేదు. పిల్ల ఇంటికాడుండి పరీచ్చ రాసుద్ది" అని నాన్నతో పోరింది. మా నాన్న యోహాను పనిమంతుడే, కాదనను. కానీ ఆయనకు పని కంటే మాట ఇష్టం. ఆదివారం చర్చిలో పిల్లలకు కథలు చెప్పే పని ఆయనదే. జలప్రళయానికి ఓడ కట్టిన కథ చెబితే పిల్లలు తడిసిపోయామేమోనని లాగూలు చూసుకునేవాళ్ళు. బావి తవ్వుదామంటే ఒక నెల ఆ బావి గురించి చెప్పాడు గానీ గునపం పట్టలేదు. చివరికి అమ్మే పోయి అంకయ్య మేస్త్రీని పిలుచుకొచ్చింది. అంకయ్య, ఆయన ఇద్దరు కొడుకులు తవ్వేవాళ్ళు, అమ్మా నాన్నా తట్టలు మోసేవాళ్ళు, బడి వదిలాక నేనూ మోసేదాన్ని. శ్రావణం వచ్చినా చినుకు లేదు. రెండు నిలువుల లోతు దిగాక సున్నపు కంకర పొర తగిలింది. కంకర కింద చెమ్మ ఉంటుందని అంకయ్య అన్నాడు. అమ్మ ఆ రోజు మట్టిని పిడికిట్లో పిసికి వాసన చూసింది, నాకు గుర్తుంది.

మర్నాడే ఎముక తగిలింది. రాయనుకుని గునపంతో పెళ్ళగిస్తే అడ్డంగా పడుకున్న ఒక దుంగ బయటపడింది. కడిగితే ఎముక, కానీ రాయంత బరువు. ఎముక తగిలిన బావిలోకి, అది ఎవరిదో తేలిందాకా గునపం దించకూడదని బావులు తవ్వేవాళ్ళలో ఒక నియమం. అంకయ్య పైకి వచ్చి తలగుడ్డ తీసి, "ఇది ఎవురిదో తేల్చండయ్యా, అప్పుడు దిగుతా" అని గట్టు మీద కూర్చున్నాడు. ఇంకేం, గంటలో ఊరు ఊరంతా వచ్చింది. వచ్చిన ప్రతివాడూ చేసిన పని ఒకటే. ఆ ఎముకను తన తొడ పక్కన నిలబెట్టుకుని చూసుకోవడం. ఎవరికైనా అది ఛాతీ దాకా వచ్చేది. "తొడే ఇంతుంటే మడిసి ఎంతుండాల!" అని నోళ్ళు తెరిచేవాళ్ళు. తొడ ఎముక మనిషికే ఉంటుందా, గేదెకు ఉండదా, ఎద్దుకు ఉండదా? పొద్దున లేస్తే గొడ్ల మధ్య బతికే జనం! ఒక్కడికైనా తట్టాలిగా. పక్కచేను సుబ్బయ్యగారు మోతుబరి, ఆయన చూసి, "రాకాసిదిరా ఇది. మా తాత చెప్పేవాడు, ఈ వాగుకాడ రాకాసి ఉండేదని" అన్నాడు. మా నాన్న ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. "కాదయ్యా, జలప్రళయానికి ముందు భూమ్మీద తిరిగిన మహాకాయుడి ఎముక ఇది. ఆ వరదలో కొట్టుకొచ్చి ఉంటది" అని మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. ఒకాయన రాకాసి అన్నాడు, ఒకాయన మహాకాయుడు అన్నాడు, మనిషి ఆకారమే అనే దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

"ఎవుడిదైతే మనకేందయ్యా, తీసి అవతల పెట్టి తవ్వండి" అని అమ్మ తట్ట పట్టుకుని నిలబడి ఉంది. "ఉండవే, దేవుని మర్మం ఇది" అన్నాడు నాన్న. "నీ మర్మం తగలెయ్య, కంకర కింద చెమ్మ ఉందంట!" అంది అమ్మ. ఎవరు వింటారు. 'ఎవురిదో తేల్చాలి' అన్నారు గనక మిగతా ఎముకలు కూడా తీయాలన్నారు. బావి లోతుకు పోవాల్సింది పోయి పక్కకు పోవడం మొదలైంది. నాలుగు రోజులు అట్లా పక్కకే తవ్వారు. పక్కటెముకలు వచ్చాయి, వెన్నుపూసలు వచ్చాయి, పెద్ద పుర్రె ఒకటి వచ్చింది, దాని నడిమధ్య ఆ బొక్క. దాని పక్కనే వంకర తిరిగిన రెండు విరిగిన ముక్కలు. అవి కోరలన్నారు. రాకాసికి కోరలు ఉండాలిగా మరి. ముందటేడాదే మా ఊళ్ళోకి మావటివాడు ఏనుగును తోలుకొచ్చాడు. ఇంటింటికీ తిప్పాడు, పిల్లలందరం దాని కాలు పట్టుకుని చూశాం, అరటిపళ్ళు పెట్టాం. అయినా ఒక్కరికి గుర్తురాలేదు. బతికున్న ఏనుగు మొహం మీద బొక్క ఎవరికి కనబడుతుంది, తొండం ఉంటుంది గానీ.

ఇక నా ఘనకార్యం. సైన్సులో నాకు మంచి మార్కులు వచ్చేవి, ఆ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడు నాన్న. "మా సుగుణ పేరుస్తది ఎముకలు, దానికి అన్నీ తెలుసు" అన్నాడు. నేనూ ఎగిరి గంతేశాను. బడికి పోయి అస్థిపంజరం పటం అడిగి తెచ్చాను. మా బళ్ళో ఉన్నది మనిషి పటం ఒక్కటే. దాన్ని తుమ్మచెట్టుకు తగిలించి, చూసుకుంటూ, వాగు ఇసకలో ఒక్కొక్క ఎముకా పేర్చాను. తల, మెడ, పక్కటెముకలు, రెండు కాళ్ళు, రెండు చేతులు. పేర్చడం అయ్యాక చూస్తే చేతులు కాళ్ళంత లావున్నాయి. పైగా ఇంకా రెండు పొడుగు ఎముకల ముక్కలు మిగిలిపోయాయి. అవి ఆ కాళ్ళవే, విరిగిన ముక్కలని ఇప్పుడు తెలుస్తోంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, పటం తప్పని గానీ, నేను తప్పని గానీ నాకు అనుమానం రాలేదు. భుజాల దగ్గర ఆ ముక్కల్ని కూడా అతికించి, పెద్ద గొంతుతో, "వీడికి నాలుగు చేతులు" అని ప్రకటించాను. జనం హా అన్నారు. ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. సుబ్బయ్యగారు నా వంక చూసి, "నిజమే, పిల్ల చదువుకున్నది" అన్నాడు. అంతకుముందు ఆయన నా మొహం చూసి మాట్లాడింది లేదు.

ఆ మాటతో రాకాసికి ప్రాణం వచ్చింది. ఒక్క వారంలో వాడికి కథంతా తయారైంది. నాలుగు చేతులు ఎందుకంటే నాలుగు వాగుల నీళ్ళు ఒక్కసారే దోసిళ్ళతో తాగడానికట. అందుకే మన మెట్ట ఎండిపోయిందట. వాడు నిద్రలో ఉన్నాడు గనక ఈ మాత్రం చుక్క మిగిలిందట. మరి వాడి నెత్తిన బావి తవ్వితే? లేస్తాడు, లేచి ఉన్న చుక్క కూడా తాగేస్తాడు. ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకరు కాళ్ళు పెట్టారు, ఒకరు నోరు పెట్టారు, తిలా పాపం తలా పిడికెడు. పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్లెక్కి జనం వచ్చారు. ఒకళ్ళు పసుపు పూశారు, ఒకళ్ళు కొబ్బరికాయ కొట్టారు, మా పేటవాళ్ళు పక్కన నిలబడి ప్రార్థన చేశారు. వచ్చినవాళ్ళకు కథ చెప్పడానికి మనిషి కావాలి. కథ చెప్పడంలో మా నాన్నను మించినవాడు ఎవరున్నారు? సుబ్బయ్యగారే తన ఇంట్లోంచి ఒక కుర్చీ తెప్పించి వేపచెట్టు కింద వేయించాడు. ఎప్పుడూ "ఒరేయ్ యోహానూ" అనే మనిషి, ఆ రోజు "కూర్చో యోహానూ, కూర్చుని చెప్పు" అన్నాడు. నాన్న మొదట అంచు మీద కూర్చున్నాడు. తర్వాత తర్వాత వెనక్కి ఆనుకున్నాడు. ఆయన అట్లాంటి మోతుబరుల ముందు కుర్చీలో కూర్చోవడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

రెండో వారంలో మా సైన్సు సారు సైకిలు మీద వచ్చాడు. జనంలోంచి చూసి, ఎముకల చుట్టూ ఒక తిరుగు తిరిగి, నన్ను పక్కకు పిలిచాడు. "సుగుణా, ఈ కాళ్ళూ ఈ లావు చేతులూ కలిపి నాలుగూ కాళ్ళే కదమ్మా ఇవి. ఏనుగేమో అనిపిస్తుంది. ఆ బొక్క తొండానిది. ఒకసారి వంగోబెట్టి పేర్చి చూడరాదూ?" అన్నాడు. ఆయన అన్న క్షణంలోనే నాకు అర్థమైంది. మనసులో ఆ లావు చేతులు రెండింటినీ కిందకు దించాను, అంతే, ఏనుగు లేచి నిలబడింది. ముందటేడు అరటిపండు తిన్న ఏనుగే. చెప్పాలంటే పది అడుగులు నడిచి జనం మధ్యకు పోయి చెప్పాలి. ఏనుగు ఎముకలైతే భయం లేదు, తీసి గట్టున పడేయొచ్చు, అంకయ్య దిగుతాడు, నీళ్ళు పడతాయి, నేను పరీక్ష రాస్తాను. కానీ అవతల కుర్చీలో నాన్న చేతులూపుతూ చెబుతున్నాడు, సుబ్బయ్యగారు నిలబడి వింటున్నాడు. "కాదు సార్, పటంలో ఇట్లాగే ఉంది" అన్నాను. సారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయన మీద కూడా నాకు కోపమే. పెద్దమనిషి, గట్టిగా ఆయనే చెప్పొచ్చుగా! పదిహేనేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి పోతాడా?

పెద్దలందరూ కూర్చుని, ఎముకల్ని మళ్ళీ అదే గోతిలో పెట్టి పూడ్చేయాలని తీర్మానించారు. నాన్న తలూపాడు. కుర్చీలో కూర్చున్నాక తలూపకుండా ఎట్లా? పూడ్చే రోజు అమ్మ ఒక్కతే గోతి గట్టున నిలబడింది. తను నెత్తిన మోసి పైకి తెచ్చిన మట్టిని ఊరంతా కలిసి గంటలో లోపలికి తోసేశారు. అమ్మ ఎవర్నీ తిట్టలేదు. ఆమె తిట్టకపోతే నాకు భయం. సాయంత్రం పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తూ, "మూటలు కట్టుకోండి ఇంక, ఈ ఏడు కూడా" అంది. క్రిస్మస్ వెళ్ళగానే గుంటూరు బయల్దేరాం. మార్చిలో నా క్లాసువాళ్ళు పరీక్ష రాస్తున్న రోజుల్లో నేను నల్లపాడు అవతల ఒక చేలో ముక్కుకు గుడ్డ కట్టుకుని కాయలు కోస్తున్నాను. మరుసటి ఏడు మేనమామ ఇంట్లో ఉండి పరీక్ష రాశాను, తర్వాత ఏదో పడుతూ లేస్తూ టీచరునయ్యాను, అది వేరే సంగతి. అమ్మ మాత్రం ఆ తర్వాత తొమ్మిది ఏళ్ళు కోతలకు వెళ్ళింది. ఆ కుర్చీ వైభవం కూడా ఎన్నాళ్ళు? మూడు నెలల్లో జనం రావడం మానేశారు, కుర్చీ సుబ్బయ్యగారి ఇంటికి వెళ్ళిపోయింది, నాన్న మళ్ళీ "ఒరేయ్ యోహానూ" అయ్యాడు. ఇప్పుడు అక్కడ చిన్న గద్దె ఉంది, సున్నం వేసి ఉంటుంది, మా రెండెకరాల్లో అంతమేర ఎవరూ దున్నరు. చుట్టూ పొలాల్లో బోర్లు వేశారు. ఫోన్లో ప్రపంచమంతా కనిపించే కాలం ఇది, అయినా మొన్న మా ఊరి కుర్రాడొకడు ఆ గద్దె వీడియో తీసి 'నాలుగు చేతుల రాకాసి నిజమేనా' అని నాకే పంపాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే, పుస్తకం పట్టుకెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా చెప్పనిది ముందు చెప్పాను. "అమ్మా, అది ఏనుగని నాకు అప్పుడే తెలుసు. సారు చెప్పాడు. నేనే దాచాను."

అమ్మ తల ఎత్తలేదు. "నాకూ తెలుసు. సారు పోయినాక నీ మొహం చూశా గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసీ ఊరుకున్నావా? నువ్వా? బావి బావి అని నాన్న ప్రాణం తీసినదానివి, ఒక్క మాట అడిగుంటే నేను చెప్పేసేదాన్ని కదా!"

"అడిగితే మీ నాయన కుర్చీలోంచి లెగవాల గదే" అంది అమ్మ.

నేను పుస్తకం తెరిచాను. మనమే కాదమ్మా, గ్రీకులంతటి వాళ్ళు కూడా ఇట్లాగే అనుకున్నారని, ఒంటికన్ను బొమ్మ చూపించాను. అందులో ఒక కమ్మరి కథ కూడా ఉంది. ఆయన తన పెరట్లో బావి తవ్వుకుంటుంటే ఏడు మూరల శవపేటిక బయటపడిందట, లోపల అంత పొడుగు ఎముకలట. పాతకాలపు మహావీరుడివి అనుకుని, పక్క రాజ్యంవాడు ఒకడు ఉపాయంగా వాటిని మూటకట్టుకుని తమ ఊరికి మోసుకుపోయాడట. ఆ ఎముకలు వచ్చిన దగ్గర్నుంచి ఆ రాజ్యానికి యుద్ధాల్లో గెలుపేనట. కొందరు పండితులు అవి కూడా ఏ పాతకాలపు జంతువువో అయ్యుండొచ్చంటున్నారని చెప్పాను. అమ్మ అంతా విన్నది. గింజ తీస్తున్న చెయ్యి ఆగింది.

"మరి ఆ కమ్మరాయన బావి?"

"బావి ఏంటమ్మా?"

"తవ్వుకుంటన్నాడన్నావు గదా. ఎముకలు వాళ్ళు పట్టుకుపోయారు, సరే. ఆయనకు నీళ్ళు పడినయ్యా లేదా?"

పుస్తకం తిరగేశాను. ఆ పేజీ మళ్ళీ చదివాను, దాని తర్వాతిది, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా చదివాను. పేటిక ఎన్ని మూరలో రాశారు. ఎవరు తీసుకెళ్ళారో, ఎక్కడ పాతిపెట్టారో, ఎవరు ఎవర్ని గెలిచారో రాశారు.

"రాయలేదమ్మా" అన్నాను.

"రాయరు" అని అమ్మ మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది.